వ్యాధిగ్రస్తునకు సూతకము కలదా?



చార్మినారు నుండి మదీనా కూడలికి పోవు బాటకు ఇరువైపుల రాతి కమానుల అంగళ్ల వరుస యున్నది. అదియే పత్తర్‌గట్టి. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచెను. ఆ పిమ్మట 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు వీధులను వెడల్పు చేయించి ఈ రాతి కట్టడములను లేపినది. బసవేశ్వరుడు మంత్రిపదవి నిర్వహించిన కల్యాణపురము 1956 వరకు ఈ హైదరాబాదు రాష్ట్రములోనిదే గనుక, ఆ ప్రాంతపు లింగధారులు కొందరు వ్యాపారార్థము ఈ నగరమునకు వచ్చి నిలిచిపోవుట వింత కాదు. రాయి నూరేండ్లు నిలిచినది. దాని నీడన కూర్చుండి బట్టలు కొలుచు మనుష్యుని దేహము రాయి కాదు.

దృష్టాంతమునకై అట్టి లింగధారి నొకనిని భావింపుడు. వయస్సు 68. తండ్రినాటి బట్టల అంగడి. నడుమునొప్పి పట్టినది. రాత్రి నాలుగైదు మారులు మూత్రమునకు లేవవలసి వచ్చుచున్నది. వయస్సు మీరినవానికి ఇది సహజమే యనుకొని ఎవరికిని చెప్పలేదు. చెప్పుటకు సిగ్గు. అది ఎట్టి స్థానమునకు సంబంధించినది! కట్టుకొన్న ఇల్లాలికిని చెప్పలేదు. ఒకనాడు మూత్రము పూర్తిగా నిలిచిపోయినది. ఆసుపత్రిలో గొట్టము వేసిరి, రక్తము తీసిరి, ఎముకలకు స్కాను చేసిరి. ప్రోస్టేటు గ్రంథిలో క్యాన్సరు పుట్టి వెన్నెముకకును, కటివలయమునకును ప్రాకినదని తేలినది.

ఈ గ్రంథి పురుషులందరికిని ఉండునదే. మూత్రాశయమునకు దిగువ, అక్రోటుకాయ పరిమాణమున నుండును. అందు పుట్టిన వ్యాధి ఎముకలకు ప్రాకిన పిదప సమూలముగా పోవుట అరుదు. కాని అదుపులో నుండును. పలువురు ఏండ్ల తరబడి జీవించుచున్నారు. ఈ రెండు మాటలను కలిపి వినవలెను. మొదటిదానినే విని కూలబడువారున్నారు, రెండవదానినే విని మందు మానువారు నున్నారు.

చికిత్స యొక్క మూలము విచిత్రమైనది. ఈ దుష్టకణములు పురుష హార్మోనును ఆధారము చేసికొని పెరుగును. దానిని నిలిపినచో వ్యాధి క్రుంగునని షికాగోలో చార్లెస్ హగ్గిన్స్ అను వైద్యుడు 1941లో నిరూపించెను. 1966లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. నేడును చికిత్సకు పునాది అదియే. వృషణములను శస్త్రచికిత్సచే ఒక్కమారు తొలగింతురు, లేదా నెలకో మూడు నెలలకో సూదిమందు నిత్తురు. ఫలితముగా ఒంటినుండి ఆవిరులు లేచును, కండ తరుగును, ఎముక పలుచబడును, మనస్సు మందగించును, దాంపత్యేచ్ఛ నశించును. మన శరణుడు మూడు నెలల సూదిమందును ఎన్నుకొనెను. నొప్పి తగ్గినది. కాని గొట్టమును కొన్ని వారములు ఉంచవలసి వచ్చినది. దానిని తీసిన పిదపను మూత్రము బొట్లుబొట్లుగా కారుచుండెను.

వైద్యుని గ్రంథములలో లేని వ్యాధి అప్పుడు మొదలైనది. ఆయన లింగపూజ మానివేసెను. మెడలోని వెండి సజ్జె మెడలోనే యున్నది. దానిని తెరచుట లేదు. ఉదయము స్నానము చేసి, విభూతి ధరించి, సజ్జెపై చేయి వేసి, మరల చేయి తీసివేయును. ఇట్లు మూడు మాసములు గడచినవి. ఇల్లాలు కనిపెట్టినది గాని అడుగలేదు. తుదకు ఇంటికి భిక్షకు వచ్చిన జంగమమూర్తితో ఆమెయే చెప్పినది.

"ఏమయ్యా, ఎందుకు మానితివి?" అని స్వామివారు అడిగిరి.

"స్వామీ, నాభికి పైన లింగము, క్రింద ఈ సంచి. ఇప్పుడు సంచి లేదు గాని బట్ట తడియుచునే యున్నది. ఈ అశుచితో లింగమును అరచేత నెట్లు పెట్టుకొందును? అదియును గాక, ఆ సూది వేసిన నాటినుండి నేను మగవాడనే కాను."

స్వామివారు కొంతసేపు మాటాడలేదు. పిదప, "మనకు పంచసూతకములు లేవని నీ తండ్రి నీకు నేర్పలేదా?" అని అడిగిరి.

శరణులారా, ఈ ప్రశ్న నొకింత విచారింపవలెను. జనన సూతకము, మరణ సూతకము, రజస్సూతకము, ఉచ్ఛిష్ట సూతకము, జాతి సూతకము అను అయిదును లింగధారికి అంటవని మన ఆచార్యులు చెప్పిరి. పురుటిలోనున్న తల్లి లింగమును పూజింపవచ్చును. ఋతుమతియైన స్త్రీ పూజింపవచ్చును. శవము నింట నున్నను లింగార్చన ఆగదు. దేహధర్మముచే కలుగునది దోషము గాదని పండ్రెండవ శతాబ్దమున ఇంత స్పష్టముగా పలికిన మతమునందు పుట్టి, రోగముచే కారు మూత్రబిందువునకు జడియుట యేమి? రజస్సూతకము లేనిచోట మూత్రసూతకము ఎక్కడినుండి వచ్చును? (స్త్రీల విషయమున ఈ సిద్ధాంతము నేడు మన ఇండ్లలో ఎన్నింట ఆచరణయందున్నదో ఎవరికి వారు చూచుకొనవలసినదే. ఇంటి స్త్రీలకు పెట్టిన నియమము పురుషుని మెడకు చుట్టుకొన్నప్పుడు గాని దాని బరువు తెలియదు కాబోలు.)

ఇక మగతనపు మాట. మన సంప్రదాయమున లింగమే పతి, శరణుడే సతి. మీసములున్న మంత్రియైనను, కత్తిపట్టిన వీరుడైనను లింగము నెదుట సతియే. లోనుండు ఆత్మ స్త్రీయు గాదు, పురుషుడు గాదని నేతపని చేసికొనిన దేవర దాసిమయ్య బోధించెను. ఏ హార్మోను రక్తములో నున్నదని లింగము అడుగదు. అయినను ఇది చెప్పినంత సులభము గాదు. నలువదియేండ్లు భార్యాభర్తలుగా నున్నవారికి ఒకరియెడ ఒకరికి కలుగు సంకోచము సిద్ధాంతముతో తీరదు. స్వామివారు దానిని గ్రహించి, ఆమెను లోపలినుండి పిలిపించి ప్రక్కన కూర్చుండబెట్టిరి. అంతకు మించి ఆ విషయమున మాటాడలేదు. ఆ సాయంకాలము సజ్జె తెరువబడినది.

కథ ఇంతటితో ముగిసిన బాగుండును. కాని వ్యాధి ముగియలేదు. మూడు నెలల కొకమారు పి.ఎస్.ఏ. యను రక్తపరీక్ష. ఆ గ్రంథికణములు రక్తములోనికి విడుచు పదార్థమును కొలుచుట అది. మొదటి ఏడాది అంకె దిగుచు వచ్చెను. ఇంట పండుగవలె నుండెను. రెండవ ఏడాది మెల్లగా పెరుగసాగెను. హార్మోను లేకయే పెరుగుటను వ్యాధి నేర్చుకొనినది. ఇది పెక్కుమందిలో జరుగునదే. అప్పుడు అబిరాటెరోను, ఎంజాలుటమైడు వంటి మాత్రలను గాని, డోసిటాక్సెలు వంటి మందును గాని వైద్యులు జోడింతురు. నేడు కొందరికి వీనిని మొదటినుండియే ఇచ్చుచున్నారు. ఒక్క అంకెను బట్టి గాక, పలుమారుల నడకను, స్కానును, రోగి బాధను కలిపి చూచియే నిర్ణయింతురు.

మన శరణుడు అట్లు చూడలేకపోయెను. పరీక్షకు వారము ముందునుండి నిద్ర లేదు. అంకె తగ్గిన దేవుడు మెచ్చెననియు, పెరిగిన పూజలో లోపము జరిగెననియు తలచుచుండెను. బంధువు లిద్దరు వచ్చి పూర్వజన్మ కర్మమని చెప్పి పోయిరి. రోగి మంచము ప్రక్కన కూర్చుండి కర్మసిద్ధాంతము చెప్పువారి నోటికి అడ్డు లేదు. ఇంకొకడు నూటికి నూరుపాళ్లు నయము చేయు చూర్ణమును తెచ్చి, ఆసుపత్రి మందులు మానుమనెను.

స్వామివారు ఆయనకు ఆయ్దక్కి మారయ్య కథను గుర్తుచేసిరి. మారయ్య కాయకము నేలరాలిన బియ్యమును ఏరి తెచ్చుట. దానితోనే జంగమ దాసోహము. ఒకనాడు అవసరమునకు మించిన బియ్యమును తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ కొలిచి చూచి, ఈ ఆశ మనకెందుకు, అధికమును అక్కడనే పోసి రమ్మనెను.

"నీవు మూడు నెలల బియ్యమును ఒక్కనాడే ఏరుకొనుచున్నావు. అంకె ఈశ్వరుని తీర్పు గాదు, కొలపాత్ర మాత్రమే. దానిని చూచి మందు మార్చుట వైద్యుని కాయకము. వేళకు మాత్ర వేసికొని, నడచి, చెప్పిన తేదీకి పోవుట నీ కాయకము. ఇక పూజయందువా, దానితో అంకెను కొనజూచుట వ్యాపారము. అంగడిలో చేయుము, గద్దెపై వలదు" అని స్వామివారు పలికిరి.

ఆ తరువాత నొప్పి ఒకమారు తిరుగబెట్టినది. లింగధ్యానముతో ఓర్చుకొందునని ఆయన పట్టుబట్టెను. ఓర్పు గొప్పదే. కాని వెన్నెముకకు వ్యాధి ప్రాకినవానికి క్రొత్తగా తీవ్రమైన నొప్పి పుట్టినను, కాళ్లు పట్టు తప్పినను, తిమ్మిరెక్కినను, మలమూత్రములు నిలిచిపోయినను ఆనాడే ఆసుపత్రికి పోవలెను. ఆలస్యమైనచో వెన్నుపాము నలిగి మరల నడువలేకపోవచ్చును. కుమారుడు బలవంతముగా తీసికొనిపోయెను. నొప్పియున్న ఎముకకు రేడియేషను ఇచ్చిరి, మార్ఫిను మాత్ర లిచ్చిరి. మార్ఫిను పేరు వినగానే మత్తుమందని భయపడిరి గాని, వైద్యుడు కొలిచి ఇచ్చినంత మేర అది బాధకు మందే. నొప్పితో పండ్లు కొరుకుచు చేయు జపము కంటె, నొప్పి తగ్గి ప్రశాంతముగా చేయు జపము తక్కువదని ఏ శాస్త్రమును చెప్పలేదు.

ఇప్పుడు పరీక్ష దినమున ఆయన వేకువనే లేచి సజ్జె తెరచును. పూజ ముగించి, మాత్రలు వేసికొని, అంగడి తాళపుచెవిని ప్రక్క అంగడి ముత్యాల వర్తకుని చేతిలో పెట్టును. "ఖుదా హాఫిజ్, సేఠ్" అని ఆయన సాగనంపును. ఆటో నయాపూలు దాటి రెడ్‌హిల్స్ చేరును. అక్కడి క్యాన్సరు ఆసుపత్రి 1955లో వెలసినది. దానికి పేరిచ్చిన మెహదీ నవాజ్ జంగ్ 1960లో గుజరాతు రాష్ట్రమునకు తొలి గవర్నరైరి. జిల్లాలనుండి వచ్చినవారు వరండాలో దుప్పట్లు పరచుకొని తమ వంతు కొరకు వేచియుందురు. ఆయన చేతిలో జొన్నరొట్టెల మూట. మొదట తనకొరకే కట్టించుకొనెడివాడు, ఇప్పుడది పెద్దదైనది.

మొన్నటి పరీక్షనాడు సాయంకాలము ఇల్లు చేరగానే ఇల్లాలు నీళ్లచెంబు అందించినది. చీటి ఆయన జేబులోనే యున్నది.

"ఏమండీ, రొట్టెలు సరిపోయినవా?"

"రెండు తక్కువైనవి" అనెను.