ఇక్కడ చూడటానికేమీ లేదు

మమ్మల్ని చూడటానికి జనం వస్తుంటారు. అది మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కి, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ అరకు వస్తారు. థింసా ఆడమంటారు. మా ఆడవాళ్ళ నడుముల చుట్టూ చేతులేసి వరసలో నిలబడి ఫోటోలు దిగుతారు. బొంగులో చికెన్ తిని, కాఫీ పొడి కొనుక్కొని వెళ్ళిపోతారు. అక్కడి గిరిజన మ్యూజియంలో మా అవ్వల్లాంటి బొమ్మలు ఉంటాయి. అవి ఏళ్ళ తరబడి అదే పని చేస్తూ, అదే చీరలో, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా ఉంటాయి. శ్రీశైలం దారిలో విల్లు పట్టుకొని నిలబడే చెంచు తాత సంగతీ అంతే. ఇదంతా తప్పని ఒక్క మాటలో కొట్టిపారేయలేం. ఆ డబ్బుతో కొన్ని ఇళ్ళలో పొయ్యి వెలుగుతోంది.

మరి మేమే చూడటానికి వెళ్తే?

మావాళ్ళు విజయవాడకి రాని రోజు లేదు. వెలగపూడి సచివాలయానికి అర్జీలతో వస్తారు. ధర్నా చౌక్‌లో కూర్చోవడానికి వస్తారు. పిల్లల హాస్టల్ సీటు కోసం, పెద్దాసుపత్రి కోసం, కూలి కోసం వస్తారు. ఆదివాసీ రాజధానికి వచ్చాడంటే చేతిలో ఏదో ఒక కాగితం ఉన్నట్టే. కాగితం లేకుండా, తీరిగ్గా ఊరు చూడటానికి రావడం మాకు కొత్త. రాసుకునేవాళ్ళం కొందరం, సవరలు, కోయలు, యానాదులు, ఎరుకలు, లంబాడీలు కలిసి, ఒకసారి అలా వచ్చాం. డబ్బు కట్టి, గైడు వెనకాల నడిచాం. ఆ నడకలో మమ్మల్ని పట్టుకున్న ప్రశ్న ఇంకా వదల్లేదు. ఒక్క అబద్ధమూ చెప్పకుండా ఒక ఊరిని తప్పుగా చూపించవచ్చా? చూపిస్తే ఆ తప్పు ఎవరిది? చెప్పినవాడిదా, అడగని వాళ్ళదా?

గైడు కుర్రాడు మంచివాడు. చదువుకున్నవాడు. ప్రకాశం బ్యారేజీ మీద నిలబెట్టి చక్కగా చెప్పాడు. 1852లో మొదలుపెట్టి 1855 నాటికి ఇక్కడ ఆనకట్ట కట్టారనీ, కెప్టెన్ ఓర్ దగ్గరుండి కట్టించాడనీ, సుమారు వందేళ్ళు నిలబడిన ఆ ఆనకట్ట 1952లో తెగిందనీ, దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ 1957లో పూర్తయిందనీ చెప్పాడు. ఈ నీళ్ళు లేకపోతే డెల్టాలో ఇంత వరి లేదన్నాడు. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. కిందనున్న 1893 నాటి రైలు వంతెన కథ కూడా చెప్పాడు. మద్రాసుకీ హైదరాబాదుకీ కలకత్తాకీ ఈ ఊరు కూడలి ఎలా అయిందో చెప్పాడు.

మాలోని ఎరుకల మిత్రుడికి ఆ రైలు ఇంకోలా కనపడింది. రైలు రాకముందు సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పునీ, లోపలి ఊళ్ళ నుంచి ధాన్యాన్నీ గాడిదల మీదా ఎద్దుల మీదా మోసింది వాళ్ళ తాతలే. రైలు వచ్చాక ఆ బేరం పోయింది. బేరం పోయినవాడు ఊరూరా తిరిగితే దొంగ అన్నారు. 1871లో నేరస్త తెగల చట్టం వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీ మీద గట్టిగా పడింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిందే. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. బెజవాడకి ఎదురుగా, కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరంలో కూడా ఒక సెటిల్‌మెంట్ నడిచింది. అక్కడ రాయి కొట్టించారు. హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. చీటీ లేకుండా నడిస్తే నేరం. ఆ చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. విముక్త జాతులు ఆ రోజును ఇప్పటికీ గుర్తు పెట్టుకుంటాయి. ఆనకట్ట తెగిన సంవత్సరమూ అదేనని అతనే అన్నాడు. మేము నవ్వాం.

బ్యారేజీ మీద నుంచి చూస్తే సీతానగరం కొండ ఎదురుగానే ఉంటుంది. గైడు అటు చెయ్యి చూపించి, ఆ వెనకే ఉండవల్లి గుహలు, నాలుగంతస్తులు, లోపల ఒకే రాతిలో పడుకున్న అనంతపద్మనాభుడు అని చెప్పాడు. సీతానగరం అతనికి ఉండవల్లికి వెళ్ళే దారి మాత్రమే. మా మిత్రుడి తాత అడుగు తీసి అడుగు వెయ్యడానికి చీటీ రాయించుకున్న కాలం అక్కడే ఉంది. ఈ రోజు ఊళ్ళో నడవటానికి డబ్బు కడుతున్నాం, దానికి టూర్ అని పేరు పెట్టుకున్నాం. ఆ రోజుల్లో నడిచినందుకు జైల్లో పెట్టారు.

అయితే గైడు మీద కోపం తెచ్చుకోవడం న్యాయమా? మూడు గంటల నడకలో వెయ్యేళ్ళు చెప్పాలి. ఏదో ఒకటి వదలక తప్పదు. మా గూడేనికి ఎవరైనా వస్తే మేమూ అన్నీ చూపించం. జాకర దేవత దగ్గరికి అందరినీ తీసుకుపోం. ఎవరి ఇంట్లో గొడవ జరుగుతోందో, ఎవరి పోడుకి పట్టా రాలేదో మొదటి రోజే చెప్పం. వదిలెయ్యడం నేరం కాదు. కానీ వదిలేసేవి ఎప్పుడూ ఒకే రకంవాళ్ళవి అయితే? గాంధీ కొండకి ఒకప్పుడు ఓర్ పేరు ఉండేదని చెప్పడానికి సమయం ఉంది. రాయి కొట్టినవాళ్ళ పేరు చెప్పడానికి లేదు. ఆ లెక్క గైడు వేసింది కాదు, అతనికి పాఠం చెప్పినవాళ్ళు వేసింది. వాళ్ళకి పుస్తకాలు వేసినాయి. పుస్తకాలు రాసే పని ఇప్పుడు మా చేతికీ వచ్చింది కాబట్టి ఇక మీదట ఆ తప్పులో మాకూ వాటా ఉంటుంది.

ఇంద్రకీలాద్రి దగ్గర గైడు కిరాతార్జునుల కథ ఎత్తుకున్నాడు. అర్జునుడు ఇక్కడే తపస్సు చేశాడట. శివుడు ఎరుకవాడి వేషంలో వచ్చాడట. ఒకే పందికి ఇద్దరి బాణాలూ తగిలితే నాదంటే నాదని కొట్టుకున్నారు. అర్జునుడు ఓడి, ఎదుటివాడు శివుడని తెలిసి కాళ్ళ మీద పడితే పాశుపతం ఇచ్చాడు. అందరూ దండం పెట్టుకున్నారు, మేమూ పెట్టుకున్నాం. ఆ తర్వాత మెట్ల మీద కూర్చొని మేము మాట్లాడుకున్నది వేరు. ఆ వచ్చినవాడు నిజంగా అడవి మనిషే అయితే ఏమయ్యేది? పంది మీద అతని హక్కు ఎటు పోయేది? అర్జునుడు తల వంచింది వేటగాడి న్యాయానికి కాదు, వేషం వెనకున్న దేవుడికి. ఏకలవ్యుడికి వెనక దేవుడెవరూ లేడు. బొటనవేలు పోయింది. దేవుళ్ళు మా వేషం వేసుకుంటారు, పని అయ్యాక తీసేస్తారు. మాకు తీసేసుకునే వీలు లేదు.

అదే కొండకి సంబంధించి గైడు చెప్పని సంగతి ఒకటుంది. ఈ కిరాతార్జునుల కథనే చెక్కిన పాత రాతిస్తంభం ఇంద్రకీలాద్రి మీద ఉంది. వెయ్యేళ్ళు దాటినది. దాని మీది శాసనం ప్రకారం దాన్ని నిలబెట్టినవాడు కలియమబోయి కొడుకు త్రికోటిబోయి. బోయి అన్న మాట ఆ రోజుల్లో ఊరి పెత్తందార్లకి కూడా బిరుదుగా ఉండేది కనుక ఆయన్ని మన చుట్టమని ఎగరనక్కర్లేదు. కానీ వేటగాడి కథని రాతిలో నిలపాలని అనిపించిన ఒక మనిషికి పేరు, తండ్రి పేరు ఉన్నాయి. రాజుల పేర్లు చదివే గొంతుతోనే ఈ పేరూ చదివితే ఎంత సమయం పడుతుంది?

స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న ఆవిష్కరించిన అంబేద్కర్ విగ్రహం దగ్గర మాత్రం మేము ఎక్కువసేపు నిలబడ్డాం. 125 అడుగుల విగ్రహం, దాని కింద 81 అడుగుల పీఠం. ఇక్కడ మాకు పరాయితనం అనిపించలేదు. ఐదో షెడ్యూలు ఉన్న పుస్తకం ఆయన చేతిలో ఉంది. అయితే అల్లూరి విగ్రహాలు ఊరూరా ఉన్నా, ఆయన పక్కన నడిచిన గాం సోదరుల్ని ఎవరు తలుచుకుంటారు? గాం మల్లుదొర అండమాన్ జైలు అనుభవించి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి గెలిచాడు. రాజధాని నడకలో ఆయన పేరు చెప్పడానికి ఒక్క చెట్టు నీడ కూడా లేదు.

ఇంతవరకూ మా ఫిర్యాదే. అసలు చిక్కు కాలవ గట్టు మీద వచ్చింది.

బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ ఊరి మధ్య నుంచే పారతాయి. ఒకచోట గట్టు మీద తాటాకు, ఫ్లెక్సీ గుడ్డ కప్పిన గుడిసెలు. ఒకామె వల బాగుచేసుకుంటోంది. పక్కన ఎలుకలు పట్టే వెదురు బుట్టలు. యానాదులు. డెల్టా వరి గురించి పొద్దున విన్నాం కదా, ఆ వరి చేలల్లో ఎలుకల్ని పట్టి గింజ దక్కించేది ఈ చేతులే. గైడు నడక వేగం పెంచి, "ఇక్కడ చూడటానికేమీ లేదన్నా, ముందుకి పదండి" అన్నాడు.

మా యానాది చెల్లి ఆగిపోయింది. "అక్కా, ఏ ఊరు మీది?" అని అడిగింది. ఇద్దరూ చుట్టరికాలు కలుపుకున్నారు. మేము మాత్రం గైడు మాటకి ఉడికిపోయాం. చూడటానికేమీ లేదట! తర్వాత చల్లబడి ఆలోచిస్తే ఇంకో సంగతి తోచింది. అతను ఆగి, "వీళ్ళు యానాదులు, ఎలుకలు పడతారు" అని చెప్పి ఉంటే ఏం జరిగేది? మాతో నడుస్తున్న మిగతా పదిహేను మందీ ఫోన్లు పైకెత్తేవాళ్ళు. ఆమె వల పక్కనపెట్టి కొంగు సర్దుకునేది. అరకు మళ్ళీ ఇక్కడికే వచ్చేది. అతను సిగ్గుతో అన్నాడో, నిర్లక్ష్యంతో అన్నాడో, ఆ మాట ఆమెని ఆ పూటకి కాపాడింది.

అండమాన్‌లో జారవాల అడవి మధ్య నుంచి వేసిన ట్రంకు రోడ్డు మీద ఏళ్ళ తరబడి పర్యాటకులు వాళ్ళని చూడటానికే వెళ్ళారు. వాళ్ళని ఆడించిన వీడియోలు బయటపడ్డాక గొడవై, 2013లో సుప్రీంకోర్టు ఆ దారిలో పర్యాటకుల్ని కొంతకాలం ఆపించింది. అక్కడ కనపడటమే ప్రమాదం. లండన్‌లో ఇంకో రకం. అమరావతి స్తూపం రాళ్ళు మద్రాసు మీదుగా 1859లో అక్కడికి చేరి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తవ్వించి పంపిన వాల్టర్ ఇలియట్ పేరుతో వాటిని చాలాకాలం ఇలియట్ మార్బుల్స్ అన్నారు. చెక్కినవాళ్ళ పేరు కాదు, తీసుకుపోయినవాడి పేరు. రాయి అయితే ఎవరు ఏ పేరు పెట్టినా ఊరుకుంటుంది. మనిషిని ఒక ఊరి విశేషంగా చూపిస్తే పేరు పెట్టేది ఎప్పుడూ చూపించేవాడే.

కనుక చెప్పకపోతే మేము లేనట్టు, చెబితే మేము ప్రదర్శన. ఈ రెంటికీ మధ్య దారి ఉందా? మాకు తోచిన తేడా ఒకటే. జరిగినదాన్ని చూపించవచ్చు, బతుకుతున్నవాళ్ళని చూపించకూడదు. సీతానగరంలో సెటిల్‌మెంట్ ఉండేదని చెప్పడానికి ఎవరి గుడిసె ముందూ ఆగనక్కర్లేదు. కానీ బతుకుతున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళాలంటే చుట్టరికం కావాలి, లేదా పని ఉండాలి, లేదా పిలుపు రావాలి. టిక్కెట్టు చాలదు. మా చెల్లి ఆగింది చూడటానికి కాదు, పలకరించడానికి. ఆమెనీ ఎదుటామె అదే పూటలో ప్రశ్నలు అడిగింది. "నీకు పెళ్ళయిందా? ఏం చదివావు? ఈ ఎండలో డబ్బులిచ్చి తిరగడమేంటే?" మ్యూజియం బొమ్మ ఇలా అడగదు. ఎదుటివాళ్ళు తిరిగి మనల్ని ప్రశ్నించే వీలుందా లేదా అన్నది పెట్టి చూస్తే, ఏ చూపు మర్యాదో ఏది కాదో చాలావరకు తేలిపోతుందని మాకు అనిపిస్తోంది. దీనికి ఒప్పుకోనివాళ్ళు మాలోనే ఉన్నారు. థింసా ఆడే ఆడవాళ్ళు కూలి గిట్టక ఆడుతున్నారు కానీ మర్యాద లేక కాదని, పట్నంలో కూర్చొని వాళ్ళకి సిగ్గు నేర్పొద్దని ఒక అరకు మిత్రుడు గట్టిగానే అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది.

అసలు రాజధాని అమరావతిలో నడక టూర్లు పెట్టేంత ఊరు ఇంకా లేవలేదు. అక్కడ దూరాలన్నీ కార్లకే. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేసినప్పుడు "మన మట్టి, మన నీరు" అని రాష్ట్రంలోని ఊళ్ళన్నిటి నుంచీ మట్టీ నీళ్ళూ తెప్పించారు. మన్యం గూడేల మట్టి కూడా అందులో కలిసింది. రేపు అక్కడ గైడు నిలబడి ఏం చెబుతాడన్నది ఇంకా రాసి లేదు. అందుకే మేము వాదించుకుంటున్నాం.

ఎరుకల మిత్రుడు సీతానగరంలో ఒక రాయి నాటి, చీటీల సంగతి దాని మీద రాయించాలంటున్నాడు. సెటిల్‌మెంట్ పేరెత్తితే మళ్ళీ ఆ పాత ముద్రే మిగులుతుందేమోనని అతని ఇంట్లోనే భయపడుతున్నారు. కాలవ గట్టు గురించీ ఏదో ఒకటి రాయించాలని మాలో ఒకరు అన్నప్పుడు మా చెల్లి ఒప్పుకోలేదు. సుందరీకరణ అని పేరు పెట్టి కాలవ గట్ల వైపు ఎవరు చూసినా ముందు లేచిపోయేవి గుడిసెలేనంది. వల అల్లే ఆమెనే అడిగి చూశాం.

"పట్టా ఇప్పించండి ముందు. అప్పుడు నేనే పిలిచి చూపిస్తా" అంది.