ఆ బిడ్డ చోటు ఎక్కడ?



జూన్ నెల వచ్చిందంటే ప్రతి ఇంటా ఒకటే హడావుడి. పుస్తకాలు, బట్టలు, ఫీజులు, ఏ బడి మంచిదన్న చర్చలు. ఆ హడావుడి లేని ఇళ్లు కూడా కొన్ని మన మధ్యనే ఉన్నాయి. మాట స్పష్టంగా రాని బిడ్డ, చెవి వినిపించని బిడ్డ, కాలు సహకరించని బిడ్డ, తోటివారికంటే నిదానంగా నేర్చుకునే బిడ్డ ఉన్న ఇళ్లవి. ఆ తల్లిదండ్రులు బడి మెట్లెక్కితే తరచుగా వినిపించే జవాబు ఎంతో మర్యాదగా ఉంటుంది. "ఇక్కడ మీ బాబుకు కష్టమండీ. ఇలాంటి పిల్లలకు హైదరాబాదులో ప్రత్యేక బడులున్నాయి కదా!"

ఇది సలహాయా, నిరాకరణా? చెప్పేవారి మనసులో చెడు లేకపోవచ్చు. కాని ఒక మాటలోని మంచిచెడ్డలను చెప్పేవారి ఉద్దేశాన్ని బట్టి మాత్రమే తూచలేము. అది వినే మనిషి బతుకులో ఏమి చేస్తుందో కూడా చూడాలి.

మెదక్ నుంచి హైదరాబాదు దాదాపు 100 కిలోమీటర్లు. బీడీలు చుట్టే తల్లి, కూలికి పోయే తండ్రి రోజూ బిడ్డను అంత దూరం తీసుకుపోలేరు. అంటే ఆరేళ్ల పసివాడిని వసతిగృహంలో వదలాలి. అందరికంటే ఎక్కువగా అమ్మ ఒడి కావలసిన బిడ్డకే అందరికంటే ముందుగా అమ్మను దూరం చేయాలి. అది చేతకానివారు బిడ్డను ఇంట్లోనే ఉంచుకుంటారు. వైకల్యమున్న ఐదేళ్ల పిల్లల్లో నాలుగింట మూడు వంతుల మంది ఏ విద్యాసంస్థకూ వెళ్లడం లేదని 2019లో యునెస్కో మన దేశం గురించి వెలువరించిన నివేదిక చెప్పింది. 2016లో మెదక్ జిల్లా కేంద్రమైంది. 2022లో పట్టణానికి రైలు వచ్చింది. ఎన్నో దగ్గరకు వచ్చాయి. ఈ బిడ్డకు బడి మాత్రం ఎందుకు దూరంగానే ఉండాలి?

ప్రత్యేక బడులను చులకన చేయడం నా ఉద్దేశం కాదు. అలా చేస్తే మన చరిత్రనే మనం కించపరచుకున్నట్టు. మన దేశంలో బధిరుల కోసం తొలి బడి 1880వ దశకంలో బొంబాయిలో మొదలైంది. దానికి పునాది వేసినవారు అక్కడి కతోలిక పీఠాధిపతి లియో మెయురిన్. ఇక్కడ సికింద్రాబాదులో 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వెలిసింది. ఇప్పుడు దాని పేరు మారింది గాని ఆ సేవ ఆగలేదు. రెండవ వాటికన్ మహాసభ 1965లో విద్యపై వెలువరించిన ప్రకటన కూడా ప్రత్యేక సంరక్షణ అవసరమైన వారి బడులను ఆదరించింది. బ్రెయిలీ, సంజ్ఞాభాష, నడక నేర్పే వ్యాయామం, నిదానంగా నేర్చుకునే వారికి పాఠం చెప్పే పద్ధతి, ఇవన్నీ ఆ బడులు కూడబెట్టిన జ్ఞానమే.

అయితే ఒక సంగతి గమనించండి. ఆనాడు ఆ బిడ్డకు రెండే దారులు. ప్రత్యేక బడి, లేదా బడే లేకపోవడం. ప్రత్యేక బడి పెట్టినవారు మూసిన తలుపు తెరిచారు. ఈనాడు ఊరూరా బడి ఉంది. పక్కింటి పిల్లలంతా అక్కడికే వెళుతున్నారు. ఈ ఒక్క బిడ్డను మాత్రం "నీ బడి వేరే ఊళ్లో ఉంది" అని పంపితే, ఒకప్పుడు తలుపు తెరిచిన పేరే ఇప్పుడు తలుపు మూయడానికి సాకు అవుతుంది. పని అదే అయినా కాలం మారితే దాని నైతిక విలువ మారవచ్చు. మన మనస్సాక్షి గుర్తించవలసిన మొదటి విషయం ఇదే.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. ఇలాంటి పిల్లలను వీలైనంతవరకు మామూలు బడుల్లోనే చదివించాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పింది. 1974లో కేంద్రం అందుకోసం ఒక పథకమే తెచ్చింది. 1994లో స్పెయిన్ దేశంలోని సలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు సమావేశమై, అందరినీ చేర్చుకునే బడే మేలైనదని ప్రకటించారు. మన దేశంలో 1995లో ఒక చట్టం, దాని స్థానంలో 2016లో మరింత విస్తృతమైన చట్టం వచ్చాయి. పాత చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే కొత్తది 21 రకాలను గుర్తించింది. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం పొందిన 6 నుంచి 18 ఏళ్ల బిడ్డకు దగ్గరి బడిలో గాని, తాను కోరుకున్న ప్రత్యేక బడిలో గాని ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఎంపిక బిడ్డది, తల్లిదండ్రులది. బడి యాజమాన్యానిది కాదు.

మరి మామూలు బడిలో ఈ బిడ్డకు కావలసిన ప్రత్యేక సాయం ఎవరు చేస్తారు? అందుకే మన రాష్ట్రంలో మండలాల్లో భవిత కేంద్రాలు ఏర్పడ్డాయి. ఇవి సాధారణంగా ప్రభుత్వ బడుల ఆవరణల్లోనే ఉంటాయి. ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అక్కడ పిల్లలకు మాట, నడక, అక్షరాలు నేర్పి మామూలు తరగతికి సిద్ధం చేస్తారు. ఫిజియోథెరపిస్టు వచ్చి వ్యాయామం చేయిస్తారు. కదలలేని బిడ్డ ఉంటే ఇంటికే వెళ్లి చదువు చెబుతారు. సమగ్ర శిక్ష పథకం కింద ఇలాంటి ఒక్కో బిడ్డకు ఏడాదికి 3,500 రూపాయల వరకు కేటాయించాలని 2018లో నిర్ణయించారు. ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల ఉపకార వేతనం వేరు. పెద్ద మొత్తాలు కావు. అయినా దారి మాత్రం సరైనదే. కొత్త భవనాలు కట్టేదాకా ఆగకుండా, ఉన్న బడిలోనే చోటు కల్పించే దారి అది.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. ఒకే ప్రహరీగోడ లోపల ఉన్నంత మాత్రాన అందరూ కలిసినట్టు కాదు. బడి వెనక మూల గదిలో ఆ పిల్లలను కూర్చోబెట్టి, ప్రార్థనకు పిలవక, మధ్యాహ్న భోజనం వేరుగా పెట్టి, ఆటల గంటలో తలుపు వేసి ఉంచితే అది బడిలో మరో వెలివాడ అవుతుంది. వెలి అంటే ఏమిటో మన పల్లెలకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. పాఠానికి వేరే గది అవసరమైతే కావచ్చు. అన్నానికి, ఆటకు, పాటకు, స్నేహానికి వేరే గది ఎందుకు?

దీనికి ఎదురయ్యే ప్రశ్నలను దాటవేయకూడదు. "నా బిడ్డ చదువు వెనకబడదా?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. అది స్వార్థం అని కొట్టిపారేయను. బిడ్డ భవిష్యత్తు గురించి భయం సహజం. కాని బడి మార్కుల కోసమే ఉందా? నిదానంగా చదివేవాడి కోసం ఆగడం, మాట రానివాడి సైగ అర్థం చేసుకోవడం, చక్రాల కుర్చీని మెట్టు దాటించడం కూడా చదువే. ఆ చదువు లేకుండా పెరిగిన మన బిడ్డ రేపు మనం ముసలివాళ్లమై, చెవి వినపడక, కాలు కదలక మంచాన పడితే ఓపికగా చూస్తాడని ఏ ధీమాతో అనుకుంటాం?

"నలభై మంది ఉన్న తరగతిలో ఈ బిడ్డను నేనెలా చూడను?" అని ఉపాధ్యాయులు అడుగుతారు. ఈ ప్రశ్న మరింత న్యాయమైనది. ప్రేమ ఒక్కటే బ్రెయిలీ నేర్పలేదు. శిక్షణ ఇవ్వక, తోడుగా మరో మనిషిని ఇవ్వక, బిడ్డను మాత్రం తరగతిలో కూర్చోబెడితే బిడ్డకూ అన్యాయమే, ఉపాధ్యాయులకూ అన్యాయమే. సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఇచ్చిన తీర్పులో ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి 10 మంది పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలన్నది. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన 11,062 ఉపాధ్యాయ ఉద్యోగాల్లో ప్రత్యేక విద్య కోసం 1,016 చోటు చేసుకున్నాయి. ఇది మంచి ఆరంభం. అన్నం పెడతామని పిలిచి ఉత్త విస్తరి వేయకూడదు కదా! చోటు ఇవ్వడమంటే మనిషిని, సామగ్రిని, సమయాన్ని కూడా ఇవ్వడం.

ఇక మన బడుల మాట. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మైనారిటీ సంస్థల బడులకు 2009 నాటి విద్యాహక్కు చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014 మే 6న తీర్పు చెప్పింది. ఆ తీర్పు సరైనదేనా అన్న సందేహాన్ని 2025 సెప్టెంబరులో అదే న్యాయస్థానం లేవనెత్తి, విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. 2016 నాటి చట్టమైతే ప్రభుత్వ గుర్తింపు పొందిన బడులన్నీ ఈ పిల్లలను చేర్చుకునేలా చూడాలని అంటోంది. న్యాయవాదుల వాదనలు ఎలా ముగిసినా, చట్టం మనల్ని ఎంతవరకు బలవంతపెట్టగలదు అన్నది మనం అడగవలసిన ప్రశ్న కాదు. బలవంతం లేనప్పుడు మనం ఏమి చేస్తాం? మన విశ్వాసానికి కొలత అక్కడే ఉంది.

మార్కు సువార్తలోని పక్షవాత రోగిని తలచుకోండి. ఇల్లు నిండిపోయింది. గుమ్మం దగ్గర కూడా కాలు పెట్టే చోటు లేదు. మోసుకొచ్చిన నలుగురు "మరో ఊళ్లో మరో ఇల్లు చూసుకుందాం" అనుకోలేదు. పైకప్పు విప్పి అతడిని సరిగ్గా అందరి నడుమకు దింపారు. ఆ ఇంటి యజమానికి నష్టం కలిగింది, నిజమే. లోపల కూర్చున్నవారి మీద మట్టి రాలే ఉంటుంది. బోధ కాసేపు ఆగిపోయే ఉంటుంది. అయినా ప్రభువు వారి మీద కోపగించుకోలేదు. వారి విశ్వాసాన్ని చూశాడు. కప్పును మళ్లీ వేసుకోవచ్చు. వాకిట్లోంచి తిరిగి పంపిన మనిషిని మళ్లీ పిలవడం అంత తేలిక కాదు.

మన మెదక్ పట్టణమే ఇంకో పాఠం చెబుతుంది. సి.ఎస్.ఐ. సోదరుల మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ పొందింది. కరువుతో అలమటిస్తున్న జనానికి పని చూపి అన్నం పెట్టడానికి చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆ నిర్మాణం చేపట్టారు. గంజి పోసి పంపినా ఆ పూటకు ఆకలి తీరేది. కాని ఆయన వారిని పనిలో భాగస్తులను చేశారు. దానం పుచ్చుకున్నవాడు ఇచ్చినవాడికి ఎప్పుడూ ఒక మెట్టు కిందే నిలబడతాడు. పనిలో పాలు పొందినవాడు పక్కన నిలబడతాడు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మనం ఏడాదికి ఒక రోజు పండ్లు, దుప్పట్లు పంచి ఫోటోలు దిగుతాం. వారు మనల్ని అడిగేది దుప్పటి కాదు, పక్కన చోటు.

కనుక విచారణలోని కుటుంబాలకు కొన్ని మనవులు. మొదటిది, ఇలాంటి బిడ్డను ఇంట్లో దాచవద్దు. పుట్టుకతో చూపులేని మనిషిని చూపి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, అతడిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదని ప్రభువు స్పష్టంగా తేల్చాడు. మరి ఆ నిందను మనం ఇంకా ఎందుకు మోస్తున్నాం? వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. మండల విద్యాధికారి కార్యాలయంలో భవిత కేంద్రం సంగతి అడగండి. చదువురాని పొరుగువారికి ఈ పనిలో తోడు వెళ్లండి.

రెండవది, మీ పిల్లలు చదివే బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడు ర్యాంకులతో పాటు ఇది కూడా అడగండి. మన బడిలో ఇలాంటి పిల్లలు ఎందరున్నారు? లేకపోతే ఎందుకు లేరు? వాలు దారి ఉందా? ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారా? ఆ పిల్లల తల్లిదండ్రులు అడిగితే బతిమాలినట్టు వినిపిస్తుంది. మిగతా తల్లిదండ్రులు అడిగితే యాజమాన్యం తప్పక వింటుంది.

మూడవది, సత్యోపదేశ తరగతి. శరీరానికో మనసుకో వైకల్యమున్న వారికి కూడా వారి స్థితికి తగినట్టు సత్యోపదేశం అందేలా చూడడం విచారణ గురువుల బాధ్యత అని 1983 నాటి శ్రీసభ చట్టంలోని 777వ నిబంధన చెబుతోంది. జపాలన్నీ అప్పజెప్పలేడన్న కారణంతో ఒక బిడ్డను దివ్యసత్ప్రసాదానికి దూరంగా ఉంచుతున్నామా? మన గురువులు, ఉపదేశులు, మఠకన్యలు, మనమూ కలిసి ఆలోచించాలి.

చివరగా ఒక చిన్న సంగతి. రోజూ ఉదయం ఉపాధ్యాయులు హాజరు పట్టీ తీసి ఒక్కో పేరూ పిలుస్తారు. పిలిచిన ప్రతి బిడ్డా ఏదో విధంగా పలుకుతుంది. ఒకరు గట్టిగా, ఒకరు మెల్లగా, ఒకరు చేయి ఎత్తి, ఒకరు పక్కవాడు మోచేత్తో పొడిస్తే తల తిప్పి. ఎలా పలికినా హాజరే. కాని పట్టీలో పేరే లేని బిడ్డ పలికే అవకాశమే లేదు. ముందు ఆ పేరు రాయిద్దాం.