పెజెంట్ సార్

కాలేజీలో చేరిన నెల తిరక్కుండానే మాకందరికీ కొత్త పేర్లు వచ్చాయి. పాడేరు వాడు కాఫీ అయ్యాడు. మారేడుమిల్లి వాడు బొంగు చికెన్. సీతంపేట అమ్మాయి జీడిపిక్క. మైదానం పిల్లలకూ పేర్లుండేవి: బక్కోడు, సోడాబుడ్డి, తాతయ్య. పేరు పెట్టడం స్నేహంలో భాగమే, కాదనం. వాటిలో కొన్నిటితో ఇప్పటికీ ఫోన్లో పిలుచుకుంటున్నాం.

ఒక్క పేరు మాత్రం మా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

మా క్లాసులో కొండమీది ఊరి నుంచి వచ్చిన సవర కుర్రాడు ఉండేవాడు. హాజరు పిలిస్తే "పెజెంట్ సార్" అనేవాడు. ఒకరోజు వెనక బెంచీ వాళ్ళు అదే మాట కోరస్‌గా అన్నారు. సారు కూడా నవ్వారు. ఆ రోజు నుంచి అతను పెజెంట్. ఇంగ్లీషులో అలా పలికే మాటకు రైతు అనే అర్థం ఉందని ఆ పేరు పెట్టినవాళ్ళకు తెలియదు, మాకూ చాలా కాలానికి గానీ తెలియలేదు.

ఇక్కడ మా సంగతి చెప్పాలి. మేమూ గిరిజనులమే. కాకపోతే రోడ్డు పక్క ఊళ్ళవాళ్ళం, ఆశ్రమ పాఠశాలలో చిన్నప్పుడే నాలుక సాపు చేయించుకున్నవాళ్ళం. అందరికంటే గట్టిగా నవ్వింది మేమే. నవ్వకపోతే ఆ చూపులు మా మీదికి మళ్ళుతాయని భయం.

అతనూ నవ్వేవాడు. అందుకే ఒప్పుకున్నాడనుకున్నాం. రెండో సెమిస్టర్ నుంచి హాజరు పిలిచినప్పుడు పలకడం మానేశాడు. క్లాసులోనే కూర్చునేవాడు, రిజిస్టరులో మాత్రం ఆబ్సెంట్ పడేది. పరీక్షల ముందు హాజరు చాలలేదని ఫీజు కట్టమన్నారు. ఆ ఏడు చింతపండు అమ్మిన డబ్బు దానికే పోయింది.

కూడా నవ్వినంత మాత్రాన ఒప్పుకున్నట్టేనా? బక్కోడు అన్నవాణ్ణి బక్కోడు తిరిగి బండోడా అనగలడు, లెక్క సరిపోతుంది. పెజెంట్ తిరిగి అనాలంటే నోరు తెరవాలి. వాళ్ళు నవ్వేది ఆ నోటినే. బదులివ్వడానికి దారి లేని చోట నవ్వు ఒప్పుకోలు ఎలా అవుతుంది?

అసలు అది తప్పేనా అని కూడా అడగాలి. తెలుగు పల్లెల్లో ప్రాణం పానమే, ప్రసాదం పెసాదమే, భాష బాసే. ఒత్తక్షరాలు సంస్కృతంతో వచ్చినవి, అచ్చతెలుగు మాటలకు వాటితో పనిలేదు. నవ్విన కుర్రాళ్ళ నాయనమ్మలూ అలాగే మాట్లాడి ఉంటారు. మాకు పాఠం చెప్పిన ఒక సారు ఎం.ఏ.ని యమ్మే అనేవారు. ఆయనకు ఎవరూ యమ్మే అని పేరు పెట్టలేదు. ఒకరి నోట యాసగా సాగిపోయేది ఇంకొకరి నోట ఎకసెక్కెం అవుతోందంటే, నవ్వు శబ్దం మీద కాదు, ఆ నోరు ఏ ఊరి నుంచి వచ్చిందన్న దాని మీద.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. అది గిడుగు రామమూర్తి పుట్టినరోజు. వాడుక భాష కోసం పోరాడాడని ఉపన్యాసాలిస్తాం. సవర నేర్చుకోవడానికి కొండలెక్కి మలేరియా తెచ్చుకున్నాడనీ, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నాడనీ, 1931లో సవర వ్యాకరణ గ్రంథం అచ్చయిందనీ తక్కువమంది చెబుతారు. సవరలో మాట మధ్య గొంతు బిగబట్టి వదిలే శబ్దం ఒకటుంది. దానికి తెలుగులో అక్షరమే లేదు. టీచర్లు ఒకసారి పలికి చూడాలి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ర్యాగింగ్ మీద యూజీసీ నిబంధనలను 2016లో సవరించినప్పుడు భాష, ప్రాంతం పేరిట వేధించడాన్నీ చేర్చారు. యువత ఇది తెలుసుకోవాలి. కానీ ఫిర్యాదు చేయాల్సినవాడే నవ్వుతుంటే నిబంధన ఏం చేస్తుంది? పక్కనున్న మాలాంటివాళ్ళే ఏదో ఒకటి చేయాలి, మేము చేయలేదు.

మరి ఉచ్చారణ దిద్దవద్దా, రేపు ఇంటర్వ్యూలో దెబ్బతింటాడు కదా అని కొందరు టీచర్లు అడుగుతారు. దిద్దండి. పక్కన కూర్చోబెట్టుకుని దిద్దండి. దిద్దుబాటు పదిరోజుల్లో అయిపోతుంది, తగిలించిన పేరు అలా పోదు.

కొన్నేళ్ళ తర్వాత పాలకొండ బస్టాండులో ఒకతను మమ్మల్ని చూసి దగ్గరికొచ్చాడు. మొహం తెలిసినట్టే ఉంది, పేరు అందడం లేదు. మా తడబాటు చూసి అతనే నవ్వి, "నేనే, పెజెంట్ని" అన్నాడు. టీ తాగాం, పిల్లల గురించి మాట్లాడుకున్నాం. బస్సు కదిలాక ఒకర్నొకరం అడిగాం. అతని అసలు పేరు మాలో ఒక్కరికీ గుర్తు లేదు.