పన్నెండు గంటల చీటీ

ములుగు జిల్లాలో ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట వంతెన మీదుగా గోదావరి అవతలి ఒడ్డుకు చేరితే, వాజేడు, వెంకటాపురం వైపు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గుట్టలు కనిపిస్తాయి. వానాకాలం వచ్చిందంటే ఆ గుట్టల మీంచి ఎన్ని ధారలు దూకుతాయో! బొగత జలపాతానికైతే దగ్గరదాకా బండి పోతుంది కాబట్టి దాని పేరు అందరికీ తెలుసు. ఈ కథలో జలపాతం అలాంటిది కాదు. ఊరి చివర బండి ఆపి, అడవిలో ఆరు కిలోమీటర్లు నడవాలి. దారిలో మూడుచోట్ల వాగు దాటాలి. అన్నిటికన్నా వెడల్పైన రేవు ఊరికి పావుగంట దూరంలోనే ఉంటుంది.

హనుమకొండలో నలుగురు స్నేహితులుండేవారు. వాళ్లలో ఒకాయన లెక్కల పంతులు. ఒక ఏడు ఆగస్టులో వాళ్లకు ఆ జలపాతం చూడాలనిపించింది. ప్రయాణం ఏర్పాట్లన్నీ పంతులు నెత్తినేసుకున్నాడు. తలా మూడు లీటర్ల నీళ్లు, పులిహోర పొట్లాలు, టార్చి, సెల్‌ఫోన్లకు ప్లాస్టిక్ కవర్లు, ఒక తాడు, జారని బూట్లు అన్నీ రాసుకున్నాడు. తరువాత గంటల లెక్క వేశాడు. అందరూ బయలుదేరే వేళ నుంచి లెక్కపెడతారు, ఆయన తిరిగొచ్చే వేళ నుంచి మొదలుపెట్టాడు. ఆగస్టులో పొద్దు ఆరున్నరకు గుంకుతుంది, చెట్ల కింద ఆరింటికే మసక పడుతుంది. అక్కడ వాన ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే కమ్ముకొస్తుంది కాబట్టి, ఎంత ఆలస్యమైనా నాలుగింటికల్లా ఊరి దగ్గరి రేవు దాటేయాలి. దిగిరావడానికి మూడు గంటలు, ఎవరి కాలైనా బెణికితే ఇంకో గంట. అన్నీ తీసేస్తే పన్నెండు మిగిలింది. పొద్దున ఏడింటికి నడక మొదలు, ఎక్కడున్నా సరే పన్నెండుకు వెనక్కి అని ఒక చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఊళ్లో ఒక కోయ పెద్దాయన దారి చూపడానికి ఒప్పుకున్నాడు. రేవు దగ్గర ఆయన మొదట ఒక పని చేశాడు. జానెడు వెదురు పుల్ల విరిచి, కత్తితో మొన చెక్కి, నీటి అంచున బురదలో రాయితో కొట్టి దిగేశాడు. నీళ్లు ఎంతవరకు తగులుతున్నాయో చూసి అక్కడ గోరుతో ఒక గాటు పెట్టాడు. పట్నం వాళ్లకు అది వింతగా తోచింది. ఒకరు దాన్ని ఫొటో కూడా తీశారు.

నడక అనుకున్నట్టు సాగలేదు. బండలు పాచి పట్టి ఉన్నాయి. ఒకాయన చెప్పు తెగింది, దాన్ని తాడుముక్కతో కట్టుకోవడానికి అరగంట పోయింది. మరొకాయన కనబడిన ప్రతి పుట్టగొడుగు దగ్గరా ఆగాడు. పన్నెండయ్యేసరికి వాళ్లకు జలపాతం కనిపించలేదు, హోరు మాత్రం వినిపించింది. పంతులు చీటీ తీశాడు. మిగతా ముగ్గురూ ఒక్కటే పట్టు పట్టారు. ఇంత దూరం వచ్చి, చెవిన పడుతున్నదాన్ని కళ్లజూడకుండా పోవడం ఏం న్యాయమని అడిగారు. పంతులు కాసేపు తటపటాయించి చీటీ మడిచి జేబులో పెట్టేశాడు. జలపాతం చూశారు, తడిశారు, తిన్నారు, ఒకటింబావుకు వెనక్కి తిరిగారు. దిగువ రేవులో నీళ్లు పొద్దున ఉన్నట్టే మోకాలి కిందే ఉన్నాయి. అయిదింటికి కారెక్కేశారు. తోవ పొడవునా జలపాతం మాటలే.

మరుసటి ఏడు పంతులు కొత్త చీటీ రాశాడు. అందులో పన్నెండుకు బదులు ఒంటిగంట వేశాడు. నిరుడు నడిచి చూశాం కదా, అనుభవం మీద సవరించానన్నాడు. ఆ రోజు ఏటూరునాగారంలో టిఫిను దగ్గర ఆలస్యమై, నడక మొదలయ్యేసరికే ఎనిమిదిన్నర దాటింది. వెనక్కి తిరిగేసరికి రెండయింది. దారిలో వాన పట్టుకుంది. రేవులో నీళ్లు తొడల దాకా వచ్చాయి. మోకాలు దాటిన వడి నీటిలో కాలు నిలవదని ఆ పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పెద్దాయన కర్ర ఊతంగా ముందు దిగాడు. నలుగురూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని, పళ్లు బిగబట్టి దాటేశారు. హనుమకొండలో ఆ కథను నెల రోజులు చెప్పుకున్నారు. చెప్పిన ప్రతిసారీ నీటిమట్టం కొంచెం పెరిగింది, వాళ్ల భయం కొంచెం తగ్గింది.

మూడో ఏడు చీటీయే లేదు. బయలుదేరే ముందు పెద్దాయన, ఎన్నింటికి తిరుగుతారని అడిగాడు. వాళ్లు నవ్వారు. ఆయన ఇంకేమీ అనలేదు. ఇవ్వబోయిన డబ్బు తీసుకోలేదు, వెంట రాలేదు. దారి తెలిసిందే కదా అని నలుగురే వెళ్లారు.

ఆ రోజు ఆకాశం నీలంగా ఉంది, చుక్క రాలలేదు. ఆరింటికి హాయిగా కబుర్లాడుకుంటూ దిగువ రేవుకు వచ్చి నిలబడిపోయారు. పొద్దున అడుగున గులకరాళ్లు కనిపించిన నీళ్లు ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. ఎండాకులు, పుల్లలు, నురగ కొట్టుకొస్తున్నాయి. చూస్తుండగానే వెదురు పొద ఒకటి వేళ్లతో సహా పోయింది. వాన వాళ్ల నెత్తిన పడలేదు, పై గుట్టల మీద పడింది. ఆ వైపు వాన సంగతి చెప్పాలంటే, 2023 జులైలో అదే జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది. ఆ నెలలోనే వెంకటాపురం అడవుల్లో ముత్యాలధార జలపాతం చూడబోయిన పదులమంది, వాగు పొంగి, రాత్రివేళ సహాయ బృందాలు వచ్చేదాకా అడవిలోనే చిక్కుబడ్డారు. మన నలుగురికి ఆ పాటి సాయం కూడా అందలేదు. ఫోన్లలో సిగ్నల్ లేదు. టార్చి కారులో ఉంది. ఎత్తుగా ఉన్న ఒక బండ మీదకెక్కి, తడిసిన ఒళ్లతో, దోమల మధ్య, తెల్లవార్లూ కూర్చున్నారు. దాటేద్దామని ఒకాయన రెండుసార్లు లేస్తే మిగతావాళ్లు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టారు.

కొండవాగు తొందరగా పొంగుతుంది, తొందరగానే తీస్తుంది. తెల్లారేసరికి నీళ్లు తగ్గాయి. అవతలి ఒడ్డున పెద్దాయన గొంగడి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఎనిమిది దాటాక ఆయన సైగ చేస్తే దిగి దాటారు.

ఊళ్లో టీ తాగుతూ నలుగురూ వానను తిట్టారు. మొదటేడు లేని వరద ఈ ఏడే రావాలా అని వాపోయారు. అప్పుడు పెద్దాయన వాళ్లకు తెలియని సంగతి ఒకటి చెప్పాడు. మొదటేడు వాళ్ల కారు వెళ్లిపోయాక ఆయన పశువులను తోలుకురావడానికి మళ్లీ రేవుకు వెళ్లాడు. అప్పటికి వాళ్లు దాటి గంటయినా కాలేదు. పొద్దున తాను దిగేసిన వెదురు పుల్ల మచ్చుకైనా కనిపించలేదు, దానిమీద నిలువెత్తు నీళ్లు పారుతున్నాయి. ఆ మాట విని పంతులు టీ గ్లాసు కింద పెట్టేశాడు. నిరుడు తాను అనుభవమని రాసుకున్నదేమిటో ఆయనకు అప్పుడు లెక్క తేలింది.

ఈ కథలో తప్పు మూడో ఏడు జరగలేదు, హోరు విని చీటీ మడిచిన మొదటేడే జరిగింది. క్షేమంగా ఇల్లు చేరడంతో దాన్ని తప్పుగా ఎవరూ గుర్తించలేదు, పైగా అదే మరుసటి ఏటికి కొలతైంది. అందుకే అడవికి పోయేవాళ్లు నడకను తూచుకోవలసింది బాగానే తిరిగొచ్చామా అని కాదు, జలపాతం ఊరించక ముందు ఇంట్లో కూర్చుని రాసుకున్న వేళకు తిరిగామా లేదా అని.