పొట్టితనం ఎవరి జబ్బు?

మా రాయచెర్లులో ఎదగని బిడ్డను చూసి "తాత పోలికలే" అనేస్తాం. కావచ్చు. కానీ అయిదారేళ్ళ బిడ్డ ఏడాదికి 4 సెంటీమీటర్లు కూడా పెరగకపోతే పరీక్ష చేయించాల్సిందే. గ్రోత్ హార్మోను లోపమే అయితే, రోజూ సూది వేయిస్తే మొదటి ఏడాదే 8 నుంచి 12 సెంటీమీటర్లు సాగే పిల్లలున్నారు. ఎముకల చివర్లు మూసుకున్నాక ఏ సూదీ ఎత్తు పెంచదు.

మరి లోపం లేకుండానే పొట్టిగా ఉన్నవాళ్ళ సంగతి? 1985 దాకా ఈ మందును చనిపోయినవారి పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసేవారు. నిజమైన రోగులకే చాలేది కాదు. తర్వాత ప్రయోగశాలలో తయారవుతూ వచ్చింది. 2003లో అమెరికా, లోపం లేని బాగా పొట్టి పిల్లలకు కూడా అనుమతించింది. ఏళ్ళ తరబడి పొడిపించుకుంటే దక్కేది సుమారు 5 సెంటీమీటర్లు. నవ్వేది మనం, సూది బిడ్డకు! ఇది నాకు వైద్యంగా తోచదు.

నిజంగా లోపమున్న బిడ్డ ఏ పల్లెలోనో కొలిచే దిక్కులేక ఈడు దాటిపోతాడు. ఏటా బడిగోడకు ఆనించి గీత గీయడానికి అయ్యవారికి బొగ్గుముక్క చాలు.