పొలము మూలలు

పిట్టలవానిపాలెము చుట్టుప్రక్కల వరికోతలు ముగియగానే మన తల్లులు పరిగె ఏరుటకు పోయెడివారు. సాయంకాలమునకు ఒడిలో చేరిన గింజలే ఆ పూట గంజి. బోయజు పొలములో రూతు చేసినదియు ఇదే పని. ఆమె పరదేశి, విధవరాలు. దినమంతయు ఏరి, దుళ్లగొట్టగా తూమెడు యవలైనవి. లేవీయకాండము 19వ అధ్యాయములో దేవుడు పొలము మూలలను బీదలకు విడువుమనెను. అది భిక్షము కాదు, వారి వంతు.

ఇప్పుడు కోతయంత్రము వచ్చినది. గంటసేపటిలో ఎకరము ముగియుచున్నది. పరిగెతోపాటు కోతకూలియు పోయినది.

మనలో కొందరము కౌలుకు ఒకటి రెండెకరములు చేయుచున్నాము. కౌలు, ఎరువు, అప్పు లెక్క చూచుకొనునప్పుడు మూల విడుచుట మనకును కష్టమే, దాచనేల? అయినను ఈ కోతలకు, ధాన్యము బస్తాల కెత్తకమునుపే, పని దొరకని పొరుగింటి విధవరాలికి ఒక కుంచము వడ్లు కొలిచి పంపుదము. ఆమె వచ్చి అడుగువరకు ఆగవద్దు.