బ్లాక్ చేసిన నంబరు, మూసుకొన్న హృదయం



వెనుకటి రోజులలో అన్నదమ్ముల మధ్య మాట పట్టింపు వస్తే పొలం గట్టు మీద ఎదురైనప్పుడు ముఖం తిప్పుకొని వెళ్ళేవారు. ముఖం తిప్పుకొన్నా చెవులు మూసుకోలేరు కదా! అవతలి ఇంట్లో పసిబిడ్డ ఏడిస్తే ఇవతలి ఇంటికి వినబడేది. ముసలితండ్రి దగ్గు గోడ దాటి వచ్చేది. ఆ ఏడుపు, ఆ దగ్గు ఒక్కొక్కసారి రెండు కుటుంబాలను కలిపేవి. లేకుంటే ఉపదేశిగారో, ఊరి పెద్దలో మధ్యన కూర్చుని తగవు తీర్చేవారు.

నేడు అన్న ఊరిలో ఉంటాడు, తమ్ముడు పట్టణంలో ఉంటాడు, చెల్లెలు కువైట్‌లో ఉంటుంది. వారిని కలిపి ఉంచేది సెల్‌ఫోను ఒక్కటే. అందులో ఒక నంబరును బ్లాక్ చేయడానికి రెండు క్షణాలు చాలు. పొద్దు గుంకేలోగా కోపాన్ని విడిచిపెట్టమని పునీత పౌలుగారు ఎఫెసీయులకు వ్రాశారు (4:26). మన కోపం నాలుగు రోజులకు చల్లారుతుంది గాని, ఫోను మాత్రం దానిని మరచిపోదు. ఆనాడు మనం ఇచ్చిన ఆజ్ఞను సంవత్సరాల తరబడి పాటిస్తూనే ఉంటుంది.

ఎందుకు బ్లాక్ చేశామో ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. శుభలేఖ ఇంటికి తెచ్చి ఇవ్వకుండా వాట్సాప్‌లో పంపారని. పెండ్లిలో బావగారికి బట్టలు పెట్టి మనకు పెట్టలేదని. ఆస్తి పంపకంలో రెండు సెంట్లు తక్కువ వచ్చాయని. చేబదులు ఇచ్చిన డబ్బు అడిగితే తోడికోడలు నిష్ఠూరంగా మాట్లాడిందని. ఇవి చిన్న బాధలని నేను అనను. మనస్సు నొచ్చుకొనే సంగతులే. కాని రక్తసంబంధాన్ని తెంచుకొనేంత పెద్దవా అన్నదే ప్రశ్న.

నాకు తెలిసిన ఒక కుటుంబంలో జరిగినది చెబుతాను. ఊరు, పేర్లు అవసరం లేదు. ఇంటిస్థలం విషయంలో అన్నదమ్ములిద్దరూ ఫోనులో గొడవపడ్డారు. తమ్ముడు ఆ రాత్రే అన్న నంబరును బ్లాక్ చేశాడు. మూడేళ్ళు గడిచాయి. తల్లికి జబ్బు ముదిరింది. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆమె నన్ను అడిగిన మాట ఒక్కటే: "ఫాదర్ గారూ, చిన్నోడు ఫోను ఎత్తాడా?" పెద్దకుమారుడు అప్పటికి ఎన్నోసార్లు చేశాడు. ప్రతిసారీ బిజీ అనే వచ్చింది. "చూశారా ఫాదర్, తల్లి చావుబ్రతుకుల్లో ఉన్నా పట్టించుకోడు" అన్నాడు. చివరకు పొరుగింటి ఆయన ఫోను నుండి చేస్తే మొదటి పిలుపుకే తమ్ముడు పలికాడు. వెంటనే బయలుదేరాడు. అతడు చేరేసరికి తల్లి ఇంకా బ్రతికే ఉంది గాని, మాట పడిపోయింది. అతని చెయ్యి పట్టుకొని తెల్లవారుజామున కన్నుమూసింది. ఆ ఇంటి అరుగు మీద తమ్ముడు అన్నాడు: "మూడేళ్ళలో అన్నయ్య ఒక్కసారి కూడా నన్ను పిలవలేదనుకొన్నాను."

సహోదరులారా, ఈ మాటను గమనించండి. అన్న పిలిచాడు, తమ్మునికి తెలియలేదు. తమ్ముడు బ్లాక్ చేశాడు, అన్నకు తెలియలేదు. ఫోను ఆ సంగతి వారిలో ఎవ్వరికీ చెప్పదు. పిలిచినవాడు "వీడికి నేనంటే లెక్కలేదు" అనుకొంటాడు. బ్లాక్ చేసినవాడు "నా మీద ప్రేమ ఉంటే వాడే పిలిచేవాడు" అనుకొంటాడు. ఒక్క కోపం రెండు అబద్ధాలను కన్నది. ఆ అబద్ధాలను నమ్మి ఇద్దరూ మూడేళ్ళు దుఃఖపడ్డారు.

బలిపీఠం దగ్గరకు కానుక తెచ్చినప్పుడు నీ సహోదరునికి నీపై ఏదో మనస్పర్థ ఉన్నదని జ్ఞాపకం వస్తే, కానుకను అక్కడే విడిచి ముందుగా వెళ్ళి అతనితో సమాధానపడమని ప్రభువు బోధించారు (మత్తయి 5:23-24). తప్పు ఎవరిదో తేల్చుకొని రమ్మని ఆయన అనలేదు. గుర్తుకు వచ్చినవాడే ముందు లేవాలి. ఆదివారం పూజలో ప్రక్కవారికి చేతులు జోడించి సమాధానం తెలుపుతాము. అదే సమయంలో మన జేబులోని ఫోను సొంత చెల్లెలిని వాకిట నిలబెట్టి ఉంచితే, ఆ సమాధానానికి అర్థమేమిటి?

అయితే అందరినీ అన్‌బ్లాక్ చేయవలసిందేనా? కాదు. దీనిని స్పష్టంగా చెప్పడం నా విధి. పోలీసులమని, బ్యాంకువారమని బెదిరించి డబ్బు లాగే మోసగాళ్ళను బ్లాక్ చేయడం వివేకం. వారి వలలో పడినవారు ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. అమ్మాయిని వేధించేవాడు, త్రాగి కొట్టే భర్త, అప్పు పేరుతో పరువు తీసేవాడు, వీరికి తలుపు తీయమని శ్రీసభ ఎవరినీ నిర్బంధించదు. అటువంటి ఆపదలో ఉన్న స్త్రీలకు సహాయం కోసం 181 నంబరు ఉన్నది. "క్రైస్తవురాలివి కదా, క్షమించి అన్‌బ్లాక్ చెయ్యి" అని భర్తగాని, అత్తగాని, గురువుగాని ఒత్తిడి చేయరాదు. ఎవరి జాబితాను వారే తమ మనస్సాక్షితో చూసుకోవాలి.

క్షమించడం వేరు, తలుపు తీయడం వేరు. పునీత తోమాసు అక్వినాసుగారి బోధ ఇక్కడ మనకు దారి చూపుతుంది. శత్రువును మన ప్రేమ నుండి, అందరి కోసం చేసే ప్రార్థన నుండి మినహాయించరాదని, అతడు ఆపదలో పడితే ఆదుకొనే సిద్ధమనస్సు ఉండాలని ఆయన బోధించారు. కాని స్నేహితునికి చూపే ప్రత్యేకమైన చనువును ప్రతి శత్రువుకూ చూపి తీరాలని ఆయన అనలేదు. 1981 మే 13న తనపై కాల్పులు జరిపిన వ్యక్తిని రెండవ జాన్ పాల్ పోపుగారు నాలుగు రోజులకే ఆసుపత్రి నుండి క్షమించారు. 1983 డిసెంబరు 27న రోములోని రెబిబ్బియా చెరసాలకు వెళ్ళి అతని ప్రక్కన కూర్చుని మాట్లాడారు. అయినా అతడు 2000 వరకు ఇటలీలో శిక్ష అనుభవించాడు. క్షమ హృదయంలో మొదలైంది, న్యాయం తన పని తాను చేసింది. మనం కూడా నంబరును బ్లాక్‌లో ఉంచి ఆ మనిషి కోసం ప్రార్థించవచ్చు. కాని భయమేమీ లేకపోయినా కేవలం పట్టుదల కోసం సొంతవారిని బ్లాక్‌లో ఉంచి, "నేను క్షమించేశాను" అంటే మనలను మనమే మోసగించుకొంటున్నాము.

ఇక చేయవలసిన పని. చాలా ఆండ్రాయిడ్ ఫోనులలో, కాల్ చేసే ఫోన్ గుర్తును తెరచి, పై మూలన ఉన్న మూడు చుక్కలను నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళితే, బ్లాక్ చేసిన నంబర్ల జాబితా ఉంటుంది. నంబరు ప్రక్కన ఉన్న ఇంటూ గుర్తునో, మైనస్ గుర్తునో నొక్కితే అది తొలగిపోతుంది. ఐఫోనులో సెట్టింగ్స్ తెరచి, యాప్స్‌లో ఉన్న ఫోన్ అనే చోటికి వెళ్ళి, క్రింద బ్లాక్డ్ కాంటాక్ట్స్ చూడాలి. కొంచెం పాత వాటిలో ఫోన్ అనేది సెట్టింగ్స్‌లోనే నేరుగా కనబడుతుంది. వాట్సాప్‌కు వేరే జాబితా ఉన్నది: సెట్టింగ్స్, తరువాత ప్రైవసీ, దానిలో బ్లాక్డ్ కాంటాక్ట్స్. ఒకచోట తీసి రెండవచోట మరచిపోకండి. పేరు చెరిపివేసి ఉంటే వట్టి అంకెలే కనబడతాయి. అవి ఎవరివో పాత డైరీలో చూసుకోండి. కంటికి ఆనని పెద్దలకు ఇంటిలోని పిల్లలు సహాయం చేయాలి.

ఇంతటితో పని ముగిసిందని అనుకోవద్దు. బ్లాక్‌లో ఉన్న కాలంలో వారు పంపిన వాట్సాప్ సందేశాలు, అన్‌బ్లాక్ చేసిన తరువాత కూడా మనకు రావు. బహుశా వారు క్షమాపణ అడిగి ఉండవచ్చు. మనుమరాలి ఫోటో పంపి ఉండవచ్చు. అవి ఇక మనకు చేరవు. మనం అన్‌బ్లాక్ చేసినట్లు వారికి కబురూ వెళ్ళదు. అందుచేత తలుపు తీసి లోపల కూర్చుంటే చాలదు, మనమే వాకిలి దాటి వెళ్ళాలి. తప్పిపోయిన కుమారుని తండ్రి ఇంటిలో కూర్చుని ఎదురు చూడలేదు, ఎదురుగా పరుగెత్తాడు. పెద్దకుమారుడు మాత్రం వాడిని తమ్ముడు అనలేక, నీ కుమారుడు అన్నాడు. తండ్రి ఆ మాటను సరిదిద్ది, వాడు నీ తమ్ముడే అని గుర్తుచేశాడు (లూకా 15). మనం కూడా చెరిపివేసిన నంబరుకు ఎదురుగా మళ్ళీ "తమ్ముడు" అని వ్రాసుకొందాము.

మన దేశంలోనే గొప్ప ఆదర్శం ఉన్నది. మధ్యప్రదేశ్‌లో పేదల పక్షాన నిలిచిన సిస్టర్ రాణి మరియ 1995 ఫిబ్రవరి 25న హత్యకు గురైనారు. 2017 నవంబరు 4న శ్రీసభ ఆమెను ధన్యురాలిగా ప్రకటించింది. ఆమె సొంత చెల్లెలు సిస్టర్ సెల్మి 2002లో చెరసాలకు వెళ్ళి, హంతకుని చేతికి రాఖీ కట్టి, అతనిని సోదరునిగా స్వీకరించారు. అక్కను పోగొట్టుకొన్న ఆమె అంత దూరం వెళ్ళగలిగితే, రెండు సెంట్ల స్థలం పోగొట్టుకొన్న మనం ఒక ఫోను చేయలేమా?

ఈ వారం ఒక రాత్రి కుటుంబ ప్రార్థన తరువాత ఎవరి జాబితాను వారు తెరచి చూడండి. ఒక్కొక్క నంబరు దగ్గర ఆగి ప్రశ్నించుకోండి: వీరి వలన నాకు నిజంగా అపాయం ఉన్నదా? లేక నా పౌరుషమే అడ్డుగా ఉన్నదా? వీరి ఇంటిలో రేపు చావు కబురు వస్తే నేను వెళ్ళనా? వెళతాను అని మనస్సు చెబితే, చావు దాకా ఆగడం దేనికి? పరలోక జపం చెప్పి ఫోను చేయండి. పాత లెక్కలు ఎత్తకండి. "వదినా, బాగున్నారా? పిల్లలు ఏం చదువుతున్నారు?" అంటే చాలు. వారు ఎత్తకపోవచ్చు, కోపంగా మాట్లాడవచ్చు. మన చేతనైనంత వరకు అందరితో సమాధానంగా ఉండమని పునీత పౌలుగారు చెప్పారు (రోమీ 12:18). మన చేతిలో ఉన్నది మనం చేద్దాము. మిగిలినది ప్రభువు చేతిలో పెడదాము.

సమాధానకర్తయైన ప్రభువు మీ ఇళ్ళను, మీ హృదయాలను తెరచి దీవించునుగాక. ఆమెన్.